కొలువులో వీల్‌చైర్ అమ్మమ్మ

సంక్రాంతికి మన బడిలో బొమ్మల కొలువు పెట్టడం ఆనవాయితీ. మెట్లు కట్టేదీ, మీద చీర పరిచేదీ, దీపాల తీగ చుట్టేదీ వాలంటీర్లమే. పై మెట్ల మీద దేవుళ్ళు ఉంటారు, అట్టడుగు మెట్టు మీద పల్లెటూరు. ఆ పల్లెటూరు ఏటా కొండపల్లి నుంచే వస్తుంది. ఇండియా వెళ్ళినవాళ్ళు ఎవరో ఒకరు చీరల మడతల్లో చుట్టి తెచ్చిన తాటిచెట్టు, ఎడ్లబండి, దంపుళ్ళు దంచే ఆడవాళ్ళు. సూట్‌కేసులో మెడ విరిగిన ఎద్దుకి ఇక్కడ జిగురు పెట్టి అతికిస్తాం.

కిందటి సంక్రాంతికి మాత్రం ఆ మెట్టుకి పిల్లల చేతే మట్టి బొమ్మలు చేయిద్దామనుకున్నాం. దానివల్ల వచ్చిన చిన్న గొడవ గురించే ఈ వ్యాసం. అందులో తప్పు మాదేనని మా అభిప్రాయం.

ఈ ఆలోచన రావడానికి కారణం మాలో ఒకరి ఆఫీసులో, పక్క సీటు బ్రెజిల్ ఆయన బల్ల మీద ఉన్న బొమ్మ. జానెడు పొడవు కాల్చిన మట్టి పలక. దాని మీద వరసగా నడిచిపోతున్న ఒక కుటుంబం. తల మీద మూట, చంకలో బిడ్డ, వెనకాల బక్క కుక్క. చూడగానే ఏ పాలమూరు నుంచో మేస్త్రీ వెంట పనికి పోతున్నవాళ్ళనుకున్నాం. కాదట. వాళ్ళు బ్రెజిల్ ఈశాన్యంలో కరువుకి ఊరు విడిచిపోయే రైతులు. ఈ తరహా బొమ్మలకి పేరు తెచ్చినవాడు విటాలినో. ఆయన 1909లో పెర్నాంబుకో రాష్ట్రంలోని కరువారు అనే ఊరి దగ్గర పుట్టాడు. (ఊరి పేరు చూసి నవ్వకండి, ఆ ప్రాంతానికి నిజంగానే కరువులెక్కువ!) తల్లి కుండలు చేసి అమ్మేది. ఆవిడ చేతిలో మిగిలిన మట్టి ముద్దతో ఆరేళ్ళ పిల్లాడు ఎద్దుల్నీ మేకల్నీ చేసి సంతకి పంపేవాడు. బడి మొహం చూడలేదు.

పెద్దయ్యాక ఆయన చేసిన బొమ్మలన్నీ చుట్టూ ఉన్న చిన్న ఊరివే. పన్ను పీకే డాక్టరు, దొంగని పట్టుకెళ్ళే పోలీసు, పెళ్ళి ఊరేగింపు, పిల్లనగ్రోవులూ డప్పులూ వాయించే మేళం. (ఆయన కూడా పిల్లనగ్రోవి వాయించేవాడు.) పాడె కట్టే స్తోమత లేక శవాన్ని ఉయ్యాల గుడ్డలో మోసుకుపోయే బొమ్మ కూడా చేశాడు. 1947లో రియో నగరంలో పెట్టిన ప్రదర్శనతో పట్నంవాళ్ళకి ఆయన పేరు తెలిసింది. 1963లో మశూచితో పోయాడు. ఆయన బతికిన ఆల్టో దో మౌరా పేటలో ఆయన ఇల్లు ఇప్పుడు మ్యూజియం. ఆ పేటలో ఎన్నో కుటుంబాలు ఇప్పటికీ ఇదే పనిలో ఉన్నాయి.

మమ్మల్ని పట్టుకున్న సంగతి ఒకటుంది. ఆ సంతలో పెళ్ళి మేళం పక్కనే ఊరు విడిచిపోయేవాళ్ళూ కూర్చున్నారు. ఇది మంచి బొమ్మ, ఇది కాదు అని ఆయన విడదీయలేదు. మేము ఇన్నేళ్ళలో కొన్న కొండపల్లి సెట్లలో మూట నెత్తిన పెట్టుకుని ఊరొదిలిపోయేవాడు మాత్రం ఒక్కడూ లేడు. ఊరొదిలి వచ్చినవాళ్ళం కదా, మనకి ఆ లోటు కనిపించి ఉండాల్సింది.

సరే, మట్టి తెచ్చాం. మొదటి ఆదివారం పిల్లలందరూ స్పైడర్‌మ్యాన్లు చేశారు. రెండో వారానికి ఒక షరతు పెట్టాం. అమ్మమ్మకో తాతయ్యకో ఫోన్ చేసి, వాళ్ళ ఊళ్ళో రోజూ కనిపించిన ఒక మనిషి గురించి అడిగి రావాలి. అంతే! ఆ వారం వచ్చిన బొమ్మలు చూడాలి మీరు. వేపచెట్టు కింద ఇస్త్రీ బండి, గోళీసోడా అతను, సైకిల్ పంక్చర్లు వేసే సాయిబు గారు. ఒకబ్బాయి ఆర్టీసీ కండక్టర్ని చేస్తానన్నాడు. టికెట్ల పెట్టె ఎలా ఉంటుందో, దాన్ని ఏ చేత్తో పట్టుకుంటారో, డబ్బుల సంచి ఏ భుజానికి వేసుకుంటారో వాడికి కావాలి. ఎప్పుడు ఫోన్ ఇచ్చినా "బాగున్నాను తాతయ్యా" అనేసి అమ్మకి అందించే పిల్లాడు నలభై నిమిషాలు మాట్లాడాడని వాళ్ళమ్మ చెప్పింది. మా వాచకాల్లో ఏ పాఠమూ ఇంత పని చేయలేదు.

కాల్చడం వేరే కథ. దగ్గర్లోని ఆర్ట్ సెంటరులో కరెంటు ఆవం ఉంది, సుమారు 1,000 డిగ్రీల సెల్సియస్ దాకా కాలుస్తారు. లావుపాటి బొమ్మల్ని లోపల తొలవాలని, బాగా ఆరనివ్వాలని అక్కడి ఆవిడ చెప్పింది. మేము తొందరపడ్డాం. ఒక ఎద్దు పొట్టలో చెమ్మ ఆవిరై ఎద్దు పేలిపోయింది, పక్కనున్న పోస్ట్‌మ్యాన్‌ని కూడా తీసుకుపోయింది. ఇంజనీరింగులో థర్మోడైనమిక్స్ పాసైన నలుగురం అక్కడే ఉన్నాం!

ఇక గొడవ. ఒక తొమ్మిదేళ్ళ పాప వీల్‌చైర్‌లో కూర్చున్న అమ్మమ్మని చేసింది. ఒళ్ళో హ్యాండ్‌బ్యాగు, మెడలో పాస్‌పోర్టు సంచి, వెనక తోసే మనిషి. ఆ అమ్మమ్మ గారు రోజూ పొద్దున్నే రెండు మైళ్ళు నడుస్తారు. ఇంగ్లీషు రాక, విమానం మారేచోట తప్పిపోతామన్న భయంతో వీల్‌చైర్ అడుగుతారు. ఇది మీ ఇంట్లోనూ జరిగిందే, మా ఇళ్ళలోనూ జరిగిందే. బొమ్మని చూడగానే అందరం గట్టిగా నవ్వాం. తర్వాత ఒకరు "కొలువులో ఇదేమిటండీ, వచ్చేవాళ్ళకి మన సంస్కృతి చూపించాలి గానీ" అన్నారు. ఇంకొకరు "పెద్దావిడ చూస్తే బాధపడతారేమో" అన్నారు. మేము ఎవరితోనూ వాదించలేదు. బొమ్మని తీసి మంచినీళ్ళ సీసాల బల్ల మీద పెట్టేశాం. పాప ఏమీ అనలేదు. మళ్ళీ వారం బడికి వచ్చింది గానీ మట్టి ముట్టుకోలేదు.

కొండపల్లి బొమ్మల మీద మాకే కోపమూ లేదు. తెల్లపొణికి కర్రతో అంత తేలికైన, అంత ముద్దైన బొమ్మలు ఇంకెక్కడా చూడలేదు. కానీ ఆ బొమ్మలు చేసినవాళ్ళు తమ చుట్టూ చూసిన మనుషుల్నే చేశారు కదా. కల్లు గీసేవాణ్ణి చూశారు, చేశారు. మన పాప ఎయిర్‌పోర్టులో అమ్మమ్మని చూసింది, చేసింది. మొదటిది సంస్కృతి, రెండోది కాదు అని మేము ఏ లెక్కన తేల్చాం? తాతయ్య చెప్పిన కండక్టరు బొమ్మలో పిల్లాడు విన్నది ఉంది. అమ్మమ్మ బొమ్మలో పాప కళ్ళారా చూసింది ఉంది. మనం చూపించమన్నదే చూడాలంటే వాళ్ళు కొన్నాళ్ళు చూస్తారు, ఆ తర్వాత ఆదివారాలు సాకరుకి వెళ్ళిపోతారు.

పెద్దావిడ బాధపడతారన్న మాట కూడా తేలిపోయింది. ఫొటో పంపితే ఆవిడకి వచ్చిన అభ్యంతరం ఒక్కటే. తోసే అబ్బాయి ఎంతో మర్యాదస్తుడట, మొహం అంత కోపంగా చేయకూడదట!

వచ్చే సంక్రాంతికి మట్టి పని నవంబరులోనే మొదలుపెడతాం, ఆరడానికి మూడు వారాలు వదులుతాం. పేలిపోయిన పోస్ట్‌మ్యాన్‌ని మళ్ళీ చేయాలి. వీల్‌చైర్ కుడి చక్రం కాస్త వంకర, నిలబడాలంటే కింద అట్టముక్క పెట్టాలి. ఆ అట్టముక్కని ఈసారి అడుగు మెట్టు మీద, ఎడ్లబండికీ కండక్టరుకీ మధ్య పెడతాం. పాపకి ఆ మాట చెప్పాం. అబ్బాయి మొహం సరిచేయడానికి కొత్త మట్టి ఎప్పుడు తెస్తారని అడిగింది.