నడక సరిపోదు

"మన వయసుకి వాకింగ్ చాలండీ." లేక్ ఎలిజబెత్ చుట్టూ తిరిగే మనవాళ్ళలో ఎవరిని అడిగినా ఇదే మాట. చెరువు చుట్టూ రెండు మైళ్ళు నడక, రెండు మైళ్ళూ కబుర్లు, ఇంటికొచ్చి కాఫీ. ఈ మాటతో నాకు గొడవ ఉంది.

నడక మంచిదే. మానమని నేను చెప్పను. కానీ అమెరికా ప్రభుత్వం పెద్దవాళ్ళకి ఇచ్చిన సలహాలో రెండు భాగాలు ఉన్నాయి. వారానికి 150 నిమిషాలు చురుకైన నడకలాంటిది ఒకటి. దానితోపాటు కనీసం రెండు రోజులు కండబలం పెంచే కసరత్తు. 65 దాటితే ఒళ్ళు తూలకుండా నిలబడే అభ్యాసం కూడా. మనవాళ్ళు మొదటి భాగం చదివి కాగితం మడిచేశారు.

నేను గుడిలో వాలంటీర్‌ని. కుర్చీలు వేసే పని నాది. మొదట్లో వెనక గోడ దగ్గర నాలుగు కుర్చీలు వేస్తే సరిపోయేది. ఇప్పుడు మూడు వరసలు వేసినా ఇంకా అడుగుతున్నారు. వినాయకుడి ముందు చూడండి. గుంజీలు అంటే చెవులు పట్టుకుని పూర్తిగా కూర్చుని లేవాలి. నా వయసువాళ్ళు మోకాళ్ళు ఒక్క అంగుళం వంచి అయిపోయిందంటారు. దేవుడు క్షమిస్తాడు. బాత్రూమ్‌లో జారి పడితే నేల క్షమించదు. పడ్డవాళ్ళు లేవాలంటే తొడల్లో బలం ఉండాలి, ఆ బలం చదునైన దారిలో కబుర్లు చెప్పుకుంటూ నడిస్తే రాదు.

"జిమ్ములూ బరువులూ మన కల్చర్ కాదు" అని కొందరు. ఇది నాకు ఇంకా కోపం తెప్పించే మాట. నేను ఇంగ్లీషు మీడియంలో చదివాను. తెలుగు అరవై దగ్గర పడ్డాక సొంతంగా నేర్చుకుంటున్నాను. నా నోట్‌బుక్‌లో ఒక పేజీ నిండా ఈ మాటలే ఉన్నాయి. దండీలు, అంటే నేలకి వంగి చేతులతో లేవడం. బస్కీలు, అంటే కూర్చుని లేవడం. జిమ్‌లో స్క్వాట్ అనేది ఇదే. సాము, గరిడీ, కసరత్తు, గోదా. తాలింఖానా, అంటే ఇవన్నీ నేర్పే చోటు. కల్చర్‌లో లేని పనికి భాషలో ఇన్ని మాటలు ఎందుకుంటాయి? (వీటిలో కొన్ని ఉర్దూ నుంచి వచ్చాయి. వస్తే ఏం, మన నోట్లో అరిగినవే.)

వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు విజయనగరంలో పిల్లలకి వ్యాయామం నేర్పి, తర్వాత సొంత సర్కస్ పెట్టి దేశమంతా పేరు తెచ్చుకున్నాడు. విశాఖ బీచ్ రోడ్డులో ఆయన విగ్రహం ఉంది. "ఆడవాళ్ళకి బరువులెందుకు" అనేవారికి కరణం మల్లీశ్వరి జవాబు. ఆమెది శ్రీకాకుళం జిల్లా. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో స్నాచ్‌లో 110 కిలోలు, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ తెలుగమ్మాయి, అదీ బరువులెత్తి.

"అదంతా వయసులో ఉన్నవాళ్ళకి" అంటారా? 1990లో అచ్చయిన ఒక అధ్యయనం కోసం బోస్టన్‌లో ఒక వృద్ధాశ్రమంలో తొంభై ఏళ్ళ వయసున్న పదిమందితో ఎనిమిది వారాలు కాళ్ళకి బరువుల కసరత్తు మొదలుపెట్టించారు. చివరిదాకా చేసినవారి కాళ్ళ బలం సగటున 174 శాతం పెరిగింది. తొంభై ఏళ్ళు! మీకు 62 అయితే మీరు వాళ్ళకి పిల్లలు.

మనకి ఇంకో తొందర ఉంది. షుగర్ పరీక్ష విషయంలో తెల్లవాళ్ళకి బీఎంఐ 25 నుంచి జాగ్రత్త అంటే, ఆసియావాళ్ళకి 23 నుంచే అని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ చెప్తుంది. సన్న చేతులు, ముందుకొచ్చిన పొట్ట. అన్నంలోంచి రక్తంలోకి వచ్చిన చక్కెరని ఎక్కువగా తీసుకునేది కండే. ఆ కండ తగ్గిపోతుంటే చక్కెర ఎక్కడికి పోవాలి?

సరే, ఎలా మొదలుపెట్టాలి. గుండె జబ్బు, బీపీ, షుగర్ ఉంటే ముందు డాక్టర్‌ని అడగండి. ఇన్సులిన్ తీసుకునేవారికి కసరత్తు తర్వాత షుగర్ పడిపోవచ్చు, అది ప్రత్యేకంగా అడగండి. మొదటి రెండు వారాలు జిమ్ కూడా అక్కర్లేదు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేవండి. గోడకి దండీలు తీయండి. జిమ్‌కి వెళ్ళాక వారానికి రెండు రోజులు చాలు. పన్నెండుసార్లు ఎత్తగలిగే బరువు తీసుకోండి, చివరి రెండుసార్లు కష్టం అనిపించాలి. సులువైపోతే కొంచెం పెంచండి. ఊపిరి బిగపట్టకండి, ఎత్తేటప్పుడు వదలండి. మర్నాడు కండలు నొప్పెడితే భయం లేదు. కీలు పొడిచినట్టు ఉంటే ఆపండి. ఛాతీలో నొప్పి వస్తే ఆపి 911కి ఫోన్ చేయండి.

పక్కన కుర్రవాడు ఎంత ఎత్తుతున్నాడో చూడకండి. అతనూ మిమ్మల్ని చూడటం లేదు. కౌంటర్ దగ్గర పౌడర్ డబ్బా అమ్మబోతే, ముందు ఇంట్లో పప్పు చిక్కగా వండించుకోండి. సంతకం పెట్టాక మనసు మారిందా? కాలిఫోర్నియా చట్టం ప్రకారం ఐదు పనిదినాల్లోపు జిమ్ కాంట్రాక్ట్ రద్దు చేసుకోవచ్చు.

ఇది చదివే చిన్నవాళ్ళకి ఒక మాట. అమ్మ చేతిలోంచి ఇరవై పౌండ్ల బియ్యం బస్తా లాక్కోకండి. అది ప్రేమే, కానీ మీరు లాక్కున్న ప్రతిసారీ ఆమెకి "నీ పని అయిపోయింది" అని వినిపిస్తుంది. "అమ్మా, నువ్వు ఎత్తకు" బదులు "అమ్మా, నడుము వంచకు, మోకాళ్ళు వంచి ఎత్తు" అనండి. "నాన్నా, ఇద్దరం వెళ్దాం పద" అనండి. ఈ రెండు వాక్యాలు తెలుగులోనే అనండి, ఇంగ్లీషులో అంటే డాక్టర్ చెప్పినట్టు ఉంటుంది.

సిగ్గుగా ఉంటే సిటీవాళ్ళ ఏజ్ వెల్ సెంటర్‌లో పెద్దవాళ్ళకి కసరత్తు క్లాసులు ఉంటాయి. అది లేక్ ఎలిజబెత్ పక్కనే ఉంది. మనవాళ్ళు రోజూ వాకింగ్ చేసేది దాని పక్కనుంచే.