అన్‌డూ లేని ఆల్బమ్

ప్రాజెక్టు పని మీద కొన్నాళ్ళు లండన్ లివర్‌పూల్ స్ట్రీట్ నుంచి చెమ్స్‌ఫర్డ్‌కి రోజూ రైల్లో తిరిగాను. స్క్వేర్‌పుషర్ పేరుతో ఎలక్ట్రానిక్ సంగీతం చేసే టామ్ జెన్కిన్సన్‌ది ఆ ఊరేనని తెలిసి, ఆ ప్రయాణాల్లోనే అతని ఆల్బములు ఒక్కొక్కటిగా విన్నాను.

1997లో వచ్చిన 'హార్డ్ నార్మల్ డాడీ' మన వృత్తివాళ్ళకి ఇట్టే నచ్చుతుంది. డ్రమ్ముల దరువుని ముక్కలుగా కోసి, సీక్వెన్సర్‌లో అటూ ఇటూ పేర్చి, మనిషి చేతులకి అందని వేగంతో పరిగెత్తిస్తాడు. మంచి కోడ్ చదివినంత ముచ్చటేస్తుంది. అలాంటివాడు 1998లో 'మ్యూజిక్ ఈజ్ రాటెడ్ వన్ నోట్' అనే ఆల్బమ్‌కి ఆ పద్ధతంతా పక్కన పెట్టేశాడు. సీక్వెన్సర్ లేదు, శాంపిళ్ళు లేవు. డ్రమ్స్, బేస్ గిటార్, కీబోర్డు అన్నీ తనే చేత్తో వాయించి, రికార్డు చేసి, ఒకదానితో ఒకటి కలిపాడు. 1970 ప్రాంతంలో మైల్స్ డేవిస్ చేసిన జాజ్ ఫ్యూజన్ నీడ దాని నిండా పరుచుకుని ఉంటుంది.

మొదటిసారి నాకు నచ్చలేదు. చేతిలో అంత సాఫ్ట్‌వేర్ పెట్టుకుని ఈ పాత పద్ధతి ఎందుకూ అనిపించింది. నాలుగో సారో అయిదో సారో 'డోంట్ గో ప్లాస్టిక్' వింటుంటే అర్థమైంది. అందులో దరువు గడియారాన్ని పట్టుకుని నడవదు. ఒక చోట కాస్త ముందుకు తూలుతుంది, ఇంకో చోట వెనక్కి తగ్గుతుంది. మౌస్‌తో సరిచేస్తే పోయేది సరిగ్గా అదే!

తమాషా ఏమిటంటే, మైల్స్ డేవిస్ 'బిచెస్ బ్రూ' పూర్తిగా 'లైవ్' కాదు. 1969 ఆగస్టులో న్యూయార్క్‌లో మూడు రోజులపాటు వాయించినదాన్ని, నిర్మాత టియో మసెరో టేపు కోసి, అతికించి, కొన్ని భాగాలు మళ్ళీ మళ్ళీ వచ్చేట్టు చేశాడు. అంటే జాజ్ వాళ్ళు కట్ అండ్ పేస్ట్ చేస్తే, కట్ అండ్ పేస్ట్‌లో ఆరితేరినవాడు దాన్ని వదిలేశాడన్నమాట.

అయితే ఈ ఆల్బమ్‌ని 'లైవ్ జాజ్' అని మెచ్చుకునేవాళ్ళతో నాకు పేచీ ఉంది. 'బిచెస్ బ్రూ'లో గిటార్ వాయించిన జాన్ మెక్‌లాఫ్లిన్, తర్వాత 'రిమెంబర్ శక్తి'లో మన పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్‌తో కలిసి వాయించాడు. ఆ కచేరీలు విన్నవాళ్ళకి తెలుసు, ఒకరు విసిరిన స్వరం రెండోవాళ్ళు అందుకుని ఎక్కడికి తీసుకుపోతారో ముందుగా ఎవరికీ తెలీదు. జెన్కిన్సన్ గదిలో ఆ రెండో మనిషి లేడు. ముందు రికార్డయిన వాయిద్యానికి తర్వాత రాబోయేది వినపడదు. తను విసిరిన బంతిని తనే పరిగెత్తి పట్టుకున్నట్టు, అద్భుతంగానే పట్టుకున్నాడు గానీ, అది వేరే ఆట.

ఆ లోటు అతనికీ తెలిసిందేమో. 2010లో 'షోబాలీడర్ వన్' పేరుతో బ్యాండు ఆల్బమ్ తెచ్చాడు. 2017లో అదే బ్యాండు, తన పాత యంత్రసంగీతాన్ని వేదిక మీద మనుషులు వాయించగా రికార్డు చేసి, 'ఎలెక్ట్రాక్' పేరుతో విడుదల చేసింది. వాయించడంలో ఎక్కడా తడబాటు లేదు. నేను మాత్రం ఇప్పటికీ రైలెక్కగానే పెట్టుకునేది 1998 నాటి ఆ ఒంటరి ఆల్బమే.