శిథిలాల నడుమ స్నాతకోత్సవం

2009 డిసెంబరు 3వ తేదీ. సోమాలియా రాజధాని మొగదిషులోని ఒక హోటలులో బెనాదిర్ విశ్వవిద్యాలయ స్నాతకోత్సవం జరుగుతోంది. వైద్యవిద్య ముగించిన యువతీయువకులను ఆశీర్వదించడానికి తల్లిదండ్రులు, అధ్యాపకులు, ప్రభుత్వ మంత్రులు తరలివచ్చారు. ఆ సభలోనే ఆత్మాహుతి దాడి జరిగింది. ఇరవై మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. మృతులలో విద్యామంత్రి, ఉన్నత విద్యామంత్రి, ఆరోగ్యమంత్రి ఉన్నారు.

ఆ సభ విలువ ఎంతటిదో తెలియాలంటే ఒక సంవత్సరం వెనుకకు వెళ్ళాలి. 2008 డిసెంబరులో అదే విశ్వవిద్యాలయం ఇరవై మందికి వైద్య పట్టాలు ఇచ్చింది. దాదాపు రెండు దశాబ్దాల కాలంలో సొంతగడ్డపై చదివి డాక్టర్లైన మొదటి సోమాలీ జట్టు వారిదే. 2002లో కొందరు స్వదేశీ వైద్యులు పూనుకొని ఆ విద్యాలయాన్ని స్థాపించారు. వీధులలో తుపాకులు మోగుతూ ఉండగానే పాఠాలు సాగాయి, పరీక్షలు జరిగాయి. దాడి చేసినవారు మనుషులను చంపగలిగారు గాని, ఆ విద్యాలయాన్ని మూయించలేకపోయారు. అది నేటికీ నడుస్తోంది.

"ముందు శాంతి నెలకొననీయండి, చదువు సంగతి తరువాత చూడవచ్చు" అని యుద్ధపీడిత దేశాల గురించి తరచు వింటూ ఉంటాము. సోమాలియా అనుభవం ఈ మాటను సరిదిద్దుతోంది. శాంతి కోసం కాచుకొని కూర్చుంటే ఒక తరం మొత్తం నిరక్షరాస్యమై పోతుంది. చదువు లేని యువకునికి ఆయుధమే జీవనోపాధి అవుతుంది. అప్పుడు ఎదురుచూసిన శాంతి మరింత దూరమవుతుంది.

ఆ దేశానికి చదువు కొత్త కాదు. 1972లో సోమాలీ భాషకు అధికారిక లిపి ఏర్పడింది. 1974లో వేలాది విద్యార్థులు, ఉపాధ్యాయులు పల్లెలకూ, పశువుల మందల వెంట తిరిగే సంచార కుటుంబాల వద్దకూ వెళ్ళి అక్షరాలు నేర్పారు. 1991 జనవరిలో కేంద్ర ప్రభుత్వం కుప్పకూలడంతో ఆ కృషి అంతా చెదిరిపోయింది. జాతీయ విశ్వవిద్యాలయం మూతపడింది. బడులు కొన్ని సైనిక శిబిరాలయ్యాయి, కొన్ని నిరాశ్రయులకు నీడ అయ్యాయి.

అటువంటి సమయంలోనూ మూతపడకుండా మిగిలినవి ఖుర్ఆన్ బడులు. చెట్టు నీడ, చెక్క పలక, బొగ్గు సిరా, ఒక గురువు ఉంటే అక్కడ చదువు సాగేది. జీతం ఇచ్చే ప్రభుత్వం లేకపోయినా పిల్లల తల్లిదండ్రులే గురువును పోషించుకున్నారు. తరువాత వచ్చిన పాఠశాలలు కూడా చాలావరకు ఇదే దారిన నిలిచాయి. స్థానికులు స్థలం చూపారు, విదేశాలలోని బంధువులు హవాలా ద్వారా సొమ్ము పంపారు, ముస్లిం సేవాసంస్థలు చేయూతనిచ్చాయి. 1997లో మొగదిషు విశ్వవిద్యాలయం తరగతులు ఆరంభించింది.

ఉత్తరాన బోరమా పట్టణం కథ మరీ గమనించదగినది. 1993లో సోమాలిలాండ్ తెగల పెద్దలు అక్కడ సమావేశమై, నెలల తరబడి చర్చించి, తమ పాలనావ్యవస్థకు ఒక రూపం ఇచ్చుకున్నారు. ఆయుధాలు పట్టినవారిని మాటతో ఒప్పించారు. ఐదేళ్ళు గడిచాక, 1998లో, అదే పట్టణంలో ఒక పాత ఉన్నత పాఠశాల ఆవరణలో అమూద్ విశ్వవిద్యాలయం మొదలైంది. పెద్దల సమావేశం ఇచ్చిన నెమ్మది చదువుకు చోటు కల్పించింది. ఆ చదువు తిరిగి ఆ నెమ్మదికి ఉపాధ్యాయులను, వైద్యులను, ఉద్యోగులను సమకూర్చింది. స్థిరత్వమూ విద్యా ఒకదాని చేయి ఒకటి పట్టుకొని నడవడమంటే ఇదే.

అయితే ఈ కథలోని లోటును దాచరాదు. ప్రభుత్వం లేనిచోట చదువు రుసుము చెల్లించగలవారికే అందుతుంది. పేదల పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, వెనుకబడిపోతారు. పైగా ఒక బడిలో అరబీ మాధ్యమం, మరొక బడిలో ఆంగ్లం. సహాయం ఎక్కడి నుండి వస్తే పాఠ్యప్రణాళిక అక్కడిది. ఒక బడి ఇచ్చిన ధ్రువపత్రానికి మరొక ఊరిలో విలువ లేదు. పై చదువులకు ఎందరో యువకులు విదేశాల బాట పట్టారు. మన హైదరాబాదు టోలీచౌకి వీధులలో కనిపించే సోమాలీ విద్యార్థులూ అలా వచ్చినవారే. దాతృత్వం బడిని తెరవగలదు. కాని అందరి బడులకు ఒకే కొలబద్ద ఉంచడం ఉమ్మడి వ్యవస్థకే సాధ్యం.

ఆ వ్యవస్థ ఇప్పుడిప్పుడే తిరిగి లేస్తోంది. 2014లో జాతీయ విశ్వవిద్యాలయం తలుపులు మళ్ళీ తెరుచుకున్నాయి. 2015లో ప్రభుత్వం ఉన్నత పాఠశాల విద్యార్థులకు ఉమ్మడి పరీక్ష నిర్వహించింది. 2019లో ప్రశ్నపత్రాలు ముందే బయటపడగా, ఆ పరీక్షలను రద్దు చేసి తిరిగి జరిపించారు. ప్రశ్నపత్రాల లీకేజీ మనకు తెలియని వ్యవహారమేమీ కాదు. కాని ప్రభుత్వమే లేని దేశంగా పేరుపడిన చోట, పరీక్ష పవిత్రత దెబ్బతిన్నదని ప్రభుత్వం కలత చెందడం చిన్న విషయం కాదు. నమ్మకం ఉన్నచోటనే నమ్మకద్రోహానికి ఆగ్రహం కలుగుతుంది.

ఆ సంవత్సరం డిసెంబరు 28న మొగదిషులో లారీ బాంబు పేలింది. మృతులలో బస్సులో వెళుతున్న విశ్వవిద్యాలయ విద్యార్థులున్నారు. అంతకు పదేళ్ళ ముందు స్నాతకోత్సవ సభలో ఆరంభమైన ఈ దుఃఖానికి ఇంకా ముగింపు రాలేదు. అయినా ఆ తల్లిదండ్రులు పిల్లలను చదువుకు పంపడం మానలేదు.

సంస్థ అంటే భవనం కాదు. ఈ రోజు ఉన్న గురువు రేపు లేకపోయినా ఆ పాఠం ఆగదన్న హామీ పేరే సంస్థ. యుద్ధపీడితుల కోసం మనము చేయి చాచినప్పుడు ఆకలికి అన్నం, గాయానికి మందు ముందుగా గుర్తుకు వస్తాయి. అది న్యాయమే. అన్నం ఆ పూటకు సరిపోతుంది. ఒక ఉపాధ్యాయుని నెల జీతం, ఒక ఆడపిల్ల ఏడాది రుసుము మనము లేని రోజున కూడా ఫలిస్తూ ఉంటాయి. సదఖయె జారియా అని మన పెద్దలు పిలిచేది ఇటువంటి దానినే. తరువాతి సారి ఇంట్లో విరాళం లెక్క వేసుకునేటప్పుడు, ఆ చిట్టాలో బడి కోసం కూడా ఒక వరుస రాసి ఉంచుదాము.