అన్నల సలహా

గేట్ ఫలితాలు వచ్చాయంటే చాలు, బెంగళూరులో ఉన్న తెలుగు సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లందరం పెద్దమనుషులమైపోతాం. బాబాయి కొడుకు నుంచి కాలేజీ జూనియర్ దాకా అందరూ ఫోన్ చేస్తారు. "అన్నా, ఐఐఎస్సీలో రీసెర్చ్ ఎంటెక్ వచ్చేలా ఉంది. ఐఐటీలో కోర్స్‌వర్క్ వస్తోంది. అమెరికాలో రెండు అడ్మిట్లున్నాయి. ఏది తీసుకోమంటావు?" మారతహళ్లిలోనో బీటీఎంలోనో ఆంధ్రా మెస్సులో పప్పన్నం కలుపుకుంటూనే తీర్పు చెప్పేస్తాం. ఏళ్లుగా ఆ తీర్పు మారలేదు. ప్లేస్‌మెంట్ ఎక్కడ బాగుంటే అక్కడ, డబ్బు పుడితే అమెరికా. ఆడపిల్ల అడిగితే పెళ్లికి ముందా తర్వాతా అన్నది కూడా ఆప్షన్లలో కలిపాం.

అలా ఫోన్ చేసే కుర్రాడి ముందున్నవి మూడు వేరువేరు చదువులు. కోర్స్‌వర్క్ ఎంటెక్‌లో సబ్జెక్టులు చదివి, ఆపైన ప్రాజెక్టు చేస్తారు. రీసెర్చ్ ఎంటెక్‌కు ఇంటర్వ్యూ దాటాలి, గైడ్ కుదరాలి, థీసిస్ రాయాలి. ఎవరి దగ్గర చేస్తున్నామన్నదే అందులో సగం చదువు. అమెరికా ఎమ్మెస్‌లోనూ థీసిస్ ఉన్నది వేరు, లేనిది వేరు. ఇవేవీ మేం విడమర్చి చెప్పలేదు. మాకు తెలిస్తేగా! పాత బెంగళూరు వాళ్లు నేటికీ 'టాటా ఇన్‌స్టిట్యూట్' అని పిలిచే ఐఐఎస్సీ ఆవరణను మాలో ఎక్కువమందిమి యశ్వంతపూర్ రైలుకు పోతూ చూసినవాళ్లమే. ఏటా ఓపెన్ డే పేరుతో జనం కోసం గేట్లు తెరుస్తారు. ఆ ఒక్కరోజైనా లోపలికెళ్లి ఏ ల్యాబులో ఏం జరుగుతోందో చూసొద్దామని తోచలేదు. ఎంటెక్ సీట్ల ఆఫర్లు వచ్చే కోయాప్ పోర్టల్లో ఎప్పుడు 'రిటైన్ అండ్ వెయిట్' నొక్కాలో, ఎప్పుడు 'యాక్సెప్ట్ అండ్ ఫ్రీజ్' చేయాలో మాత్రం మాకు కంఠోపాఠం.

ఎంటెక్‌లో నెలకొచ్చే 12,400 రూపాయల స్టైపెండుతో ఈ ఊళ్లో ఏం బతుకుతావురా అని నవ్వాం. 40 లక్షలు అప్పు చేసి విమానమెక్కినవాణ్ని చూసి ఒక్కరమూ నవ్వలేదు.

అమెరికా విషయంలో మా లెక్క మరీ అన్యాయం. యూనివర్సిటీ పేరు చూడకముందే, చదువయ్యాక ఉద్యోగం చేసుకోనిచ్చే ఓపీటీ 12 నెలలు, స్టెమ్ పొడిగింపు మరో 24, హెచ్-1బీలో అక్కడి మాస్టర్స్ వాళ్లకు విడిగా ఉన్న 20,000 వీసాలు లెక్కేశాం. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మీద అధికారుల దాడి జరిగి, మన పిల్లల కాళ్లకు రేడియో పట్టీలు కట్టినప్పుడు టీవీల ముందు కూర్చుని అమెరికాను తిట్టాం. విద్యార్థుల్లో సగానికి పైగా సన్నీవేల్‌లో ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నట్టు కాగితాల్లో చూపిన కాలేజీ అది. ఎనిమిదేళ్లకు, 2019 జనవరిలో, మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ బాగోతం బయటపడింది. అమెరికా ప్రభుత్వ ఏజెంట్లే పెట్టిన బూటకపు సంస్థ. తరగతుల్లేవు, పాఠం చెప్పేవాళ్లూ లేరు. విద్యార్థులను చేర్పించారని కేసులు పడిన ఎనిమిది మంది పేర్లు చదివితే అన్నీ మన ఇంటిపేర్లే. అలా వల పన్నడం న్యాయమా అన్నది వేరే చర్చ. కానీ ట్రై-వ్యాలీని చూశాక కూడా "అటెండెన్స్ అక్కర్లేదట, చేరిన రోజు నుంచే సీపీటీ అట, అంటే చదువుతూనే ఉద్యోగమట" అని వాట్సాప్‌లో శుభవార్తలా పంచుకున్నది మనం కాదా?

అమెరికా వెళ్లినవాళ్లలో పరిశోధన కోసం వెళ్లి తిరిగొచ్చినవాళ్లూ ఉన్నారు. ఏరోస్పేస్ శాస్త్రవేత్త సతీశ్ ధవన్ మిన్నెసోటాలో మాస్టర్స్ చేసి, కాల్టెక్‌లో హాన్స్ లీప్‌మన్ దగ్గర పరిశోధన చేసి, 1951లో ఐఐఎస్సీలో చేరారు. ఇక్కడే సూపర్‌సోనిక్ విండ్ టనెల్ కట్టించారు. శ్రీహరికోట కేంద్రానికి ఆయన పేరే. రాకెట్ లేచిన ప్రతిసారీ జెండా బొమ్మతో స్టేటస్‌లు పెడతాం. అదే ఏరోస్పేస్‌లో సీటొచ్చిందని సంబరంగా ఫోన్ చేసినవాణ్ని మాత్రం "కంప్యూటర్స్ రాలేదా?" అని జాలిగా అడిగాం. ఇస్రో, హెచ్‌ఏఎల్, ఎన్‌ఏఎల్ ఉన్న ఊళ్లో కూర్చుని అడిగాం.

ఇంటర్వ్యూ గదుల్లో మేం చేసింది ఇంతకంటే ఘోరం. బెల్లందూరు, వైట్‌ఫీల్డ్ ఆఫీసుల్లో ప్రశ్నలు వేసేది మేమే. ఒక సమస్య పట్టుకుని ఏడాదికి పైగా కుస్తీ పట్టిన అమ్మాయి ఎదుట కూర్చుంటే, థీసిస్ గురించి మర్యాదకు రెండు ముక్కలడిగి, లింక్డ్ లిస్టును తిరగేసి రాయమన్నాం. బీటెక్ ఫ్రెషర్‌ను అడిగేదీ అదే. ఈ సంగతి హాస్టళ్లకు చేరడానికి ఎంతసేపు? రెండో ఏడాది ల్యాబులో గడపాల్సిన పిల్లలు గదుల్లో కూర్చుని కోడింగ్ ప్రశ్నలు వల్లెవేస్తున్నారు. గైడ్లు మొత్తుకుంటే వాళ్లకు లోకం తెలియదని మేమే వెక్కిరించాం. చివరికి ఆ పిల్లలే "ఎంటెక్‌కి విలువ లేదా అన్నా?" అని అడిగితే, ఆ విలువ కట్టే కుర్చీలో కూర్చుని కూడా, "మార్కెట్ అలా ఉంది తమ్ముడూ" అంటున్నాం.