లోపం వస్తువుదా, మనదా?

'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు.' మన ఊళ్ళలో ఏ బట్టల కొట్టుకెళ్ళినా, ఏ సామాన్ల షాపుకెళ్ళినా గల్లాపెట్టె వెనక గోడ మీదో, బిల్లు అడుగునో ఈ వాక్యం కనిపిస్తుంది. తీసుకోనిది ఎవరో అందులో ఉండదు. కర్త లేని ఆ వాక్యం చట్టంలా ధ్వనిస్తుంది. లోపమున్న వస్తువు విషయంలో అది చట్టం కాదు సరికదా, చట్టవిరుద్ధం.

2020 జూలైలో అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ఈ సంగతి స్పష్టంగానే చెప్పింది. లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోగా, గడువేదీ రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బు తిరిగివ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లు ఇవ్వకపోవడమూ అంతే. తగ్గింపు ధరకు అమ్మిన వస్తువులకు ఇందులో మినహాయింపు లేదు. నచ్చలేదనో, నప్పలేదనో తెచ్చినదాన్ని తీసుకుని తీరాలని మాత్రం చట్టం అనలేదు. అది కొట్టువాళ్ళు పెట్టుకున్న నియమాన్ని బట్టి ఉంటుంది. కాబట్టి కౌంటరు దగ్గర తగువంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: లోపం ఉందని ఎవరు చెబితే నమ్ముతారు?

మొదటి ఉతుకుకే రంగు దిగిన చీరను నేనొక పెద్ద దుకాణానికి తీసుకెళ్ళాను. చీరను విప్పి చూడకముందే 'ఎలా ఉతికారు మేడం?' అన్నారు. నాతో మాట్లాడిన స్త్రీలందరికీ ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో ఎదురైనదే. మిక్సీ జారు కారితే 'నిండా పోసుంటారు'. కుక్కరు మూత పట్టకపోతే 'మీకు వాడకం తెలీదమ్మా'. డ్రెస్సు కుట్లు ఊడితే 'ఒళ్ళు చేశారేమో'. వస్తువులోని లోపం చూస్తుండగానే స్త్రీలోని లోపమైపోతుంది. అదే మిక్సీని ఇంట్లో మగవాళ్ళు పట్టుకెళితే 'కంపెనీ వాళ్ళతో మాట్లాడదాం సార్' అంటారు. మిక్సీ వాడింది ఆయన కాదని అందరికీ తెలుసు. అయినా సాక్ష్యం ఆయనదే చెల్లుతుంది!

ఇక బిల్లు ఆయన పేరున ఉంటే 'సార్‌ని రమ్మనండి' అంటారు. కొన్నవారి సమ్మతితో వస్తువును వాడుకునే వ్యక్తి కూడా వినియోగదారేనని చట్టంలో ఉంది. ఇల్లంతా నడిపే స్త్రీ ఇక్కడ ఆయన 'సమ్మతి'తో కుక్కరు వాడే మనిషిగా హక్కు సంపాదించుకుంటుంది! ఆ మాట ఎంత చేదుగా ఉన్నా, కౌంటరు దగ్గర దాన్ని వాడుకుందాం.

దుకాణంలో ఓడిన స్త్రీకి ఇంట్లో రెండో విచారణ ఉంటుంది. 'చూసి కొనుక్కోవద్దా?' అంటారు. ఆ మాట పడలేక పాడైన వస్తువును బీరువా అడుగున దాచేసి, ఆ డబ్బును ఇంటి ఖర్చులో నుంచి తన తిండీ మందులూ తగ్గించుకుని పూడ్చుకునే స్త్రీలు నాకు తెలుసు. వ్యాపారికి మిగిలింది ఆ డబ్బే.

ఇది షాపింగులకెళ్ళే మధ్యతరగతి వాళ్ళ గొడవని మనలోనే కొందరంటారు. నాలుగిళ్ళలో పాచిపని చేసే స్త్రీ వాయిదాల మీద కొన్న మిక్సీని వెనక్కివ్వాలంటే ఒక పూట పని మానుకోవాలి, ఆటోకి పెట్టుకోవాలి, 'ఓనరు లేరు, రేపు రండి' అంటే మళ్ళీ పోవాలి. పాడైన మిక్సీకీ వాయిదా ఆగదు. ఇది ఎవరి గొడవో చెప్పండి!

కౌంటరుకి అటువైపు నిలబడిందీ చాలాచోట్ల స్త్రీయే. 'తీసుకోం' అనే మాట ఆమె నోట పలికించి, తిట్లు ఆమెకు వదిలి, యజమాని లోపలి గదిలో కూర్చుంటాడు. కేరళలో దుకాణాల్లో పనిచేసే స్త్రీలు పోరాడాక గానీ 2018లో కూర్చునే హక్కు అక్కడి చట్టంలోకి రాలేదు. తమిళనాడు 2021లో అలాంటి సవరణే చేసింది. కూర్చోవడానికే చట్టం కావలసివచ్చిన మనిషితో పోట్లాడి మనం గెలిచేదేమిటి? నిర్ణయం తీసుకునేవాణ్ణి బయటికి పిలవాలి.

మన సంఘాలు చేయగలిగింది చాలా ఉంది. బిల్లు తప్పనిసరిగా, వాడుకునే స్త్రీ పేరునే అడిగి తీసుకోవాలని ప్రతి బస్తీ సమావేశంలో చెప్పాలి. వాపసు నిరాకరిస్తే కారణం కాగితం మీద రాసిమ్మనాలి. 1915కి ఫోను చేయాలి. అయినా కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 5 లక్షల రూపాయల దాకా ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు, మనం నివసించే చోటే ఫిర్యాదు వేయవచ్చు, రెండేళ్ళ గడువుంది. ప్రభుత్వాన్ని అడగాల్సిందీ ఉంది. బిల్లులో తమకు తోచిన గడువు రాసుకుని ఆ 30 రోజులను ఎగ్గొట్టే వీలు వ్యాపారులకు ఉండకూడదు. గోడ మీది ఆ బోర్డు స్థానంలో చట్టం తెలుగులో వేలాడాలి.

ఒక్కతే వెళితే 'మీకు వాడకం తెలీదమ్మా' అంటారు. ఈసారి పదిమందిమి కలిసి వెళదాం.