ఆరిన పుండు, పచ్చి పుండు

పుండు విషయంలో మనకొక గట్టి నమ్మకం ఉంది. అది మన మాటల్లోనే పాతుకుపోయింది. మానితే “ఆరింది” అంటాం. మానకపోతే “ఇంకా పచ్చిగానే ఉంది” అని నిట్టూరుస్తాం. అంచేతనే మోకాలు దోక్కుపోయిన కుర్రవాణ్ణి అరుగుమీద కూచోబెట్టి గాలి తగలనిమ్మంటాం. పెచ్చు కడితే సంతోషిస్తాం. తెలుగు పాఠాలు చెప్పుకు బతికేవాణ్ణి గనక ఈ మాటను నేను వెనకేసుకు రావలసిందే. కాని, ఈ ఒక్క చోట భాష మనల్ని పక్కదారి పట్టించింది.

1962లో జార్జి వింటర్ అనే ఆయన పందుల చర్మంమీద లోతులేని గాయాలు చేసి, కొన్నిటిని గాలికి వదిలి, కొన్నిటిమీద పాలిథీన్ పొర కప్పి చూశాడు. కప్పిన చోట కొత్త చర్మం దాదాపు రెట్టింపు వేగంతో పరుచుకుంది! పైపై గాయంలో వెంట్రుకల కుదుళ్లు మిగిలే ఉంటాయి గదా. అక్కణ్ణించీ, అంచులనించీ కొత్త కణాలు బయలుదేరి ప్రాకుతాయి. తడి ఉంటే సునాయాసంగా సాగిపోతాయి. పెచ్చు కట్టిందా, పాపం, దాని అడుగున దారి తొలుచుకుంటూ పోవాలి.

మా పెద్దత్తయ్య చెయ్యి కాలినప్పుడు తొడమీది చర్మం పలచగా తీసి చేతికి అతికించారు. చేతిని గురించి ఆవిడ ఒక్క మాట అనలేదు. తొడకు అంటుకుపోయిన గుడ్డ ఊడదీసే రోజున మాత్రం కొంగు నోట్లో కుక్కుకునేది. ఎండిన గుడ్డతోపాటు కొత్త చర్మమూ ఊడి వస్తుంది మరి. సరిగ్గా ఇలాంటి తొడ గాయాలమీదే ముంబై వైద్యులు అరటాకు పరిచి, వేజలైన్ గుడ్డతో పోల్చి 2003లో ప్రకటించారు. ఆకు అంటుకోలేదు, బాధా తగ్గింది. మనం పప్పన్నం వడ్డించుకునే ఆకే! అలాగని పెరట్లో కోసి కట్టుకోకండి. వాళ్లు క్రిములు చచ్చేలా శుద్ధి చేసిగాని వాడలేదు. తేనె సంగతీ అంతే. పైపైన కాలిన గాయాలను కొన్ని మామూలు కట్లకంటే ముందుగా మాన్పుతుందని 2015 నాటి కాక్రేన్ సమీక్ష తేల్చింది గాని, ఆ తేనె వేరు, వంటింటి సీసాలోది వేరు.

ఇక కాఫీపొడి, సాలెగూడు. అమ్మమ్మలమీద నాకు గౌరవమే, కాని వాటి జోలికి పోవద్దు. పెరాక్సైడ్ నురగ చూసి మురిసిపోతాం. అది కొత్త కణాలనూ దెబ్బ తీస్తుంది. పారే నీళ్లతో, సబ్బుతో మట్టి పోయేదాకా కడిగి, పలచగా వేజలైన్ రాసి, అంటుకోని కట్టు వేసి, రోజూ మారిస్తే చాలు. ఎర్రబడి వాచినా, చీము పట్టినా డాక్టరుకు చూపించాలి. ధనుర్వాతం సూది ఎప్పుడు వేయించారో గుర్తు చేసుకోండి. చక్కెర జబ్బు ఉన్నవారి పాదంమీద గీత పడితే మాత్రం ఇంట్లో ఏ ప్రయోగమూ వద్దు, ఆ రోజే వెళ్లండి.