గుర్రం సిపాయిది... జీతం సర్కారుది!

సికింద్రాబాద్ నుంచి రావల్‌కోల్‌కు రావాలని మేడ్చల్ రైలెక్కితే, దారిలో బొల్లారం తగులుతుంది. కంటోన్మెంట్ అనగానే ఇప్పుడు మనకు గుర్తొచ్చేది ఆర్మీ ట్రక్కులే. ఒకప్పుడు మాత్రం అక్కడ గుర్రాలదే హవా!

పేరుకు నిజాం సైన్యం, పెత్తనం ఇంగ్లిషు అధికారులది... అదే హైదరాబాద్ కంటింజెంట్. దానికి ముఖ్య స్థావరం బొల్లారం. ఖర్చంతా నిజాం ఖజానాదే. ఆ బాకీలు తడిసి మోపెడై, చివరికి 1853లో బేరారును బ్రిటిష్‌వారి చేతుల్లో పెట్టాల్సి వచ్చింది.

ఈ దళంలో చేరాలంటే ధైర్యం ఒక్కటే చాలదు, చేతిలో డబ్బూ ఉండాలి. గుర్రం, జీను, దాణా... అన్నీ సిపాయివే. సర్కారు నెలనెలా జీతం ఇచ్చేది. దీన్నే సిలేదారీ పద్ధతి అనేవారు. కొనే స్తోమత లేనివాడు మరొకరి గుర్రం ఎక్కి 'బార్గీరు'గా పనిచేసేవాడు. రైతుకు ఎడ్లజత ఎంతో, సిలేదారుకు గుర్రం అంత!

1903లో కంటింజెంట్ భారత సైన్యంలో కలిసిపోయింది. అందులోంచి వచ్చిన దళమే 20వ డెక్కన్ హార్స్. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్ వెళ్లింది. 1916 జులై 14 సాయంత్రం సోమ్ రణరంగంలో హైవుడ్ దగ్గర, మర తుపాకుల కాలంలోనూ బల్లేలు పట్టుకుని గుర్రాలను దౌడు తీయించింది.

అంత పెద్ద యుద్ధంలో చచ్చిపోయిన గుర్రానికి బదులు ఇంకోటి తెచ్చుకోవడం సిపాయి వల్ల అయ్యే పనేనా? సిలేదారీ పద్ధతి అక్కడే కుప్పకూలింది. యుద్ధం ముగిశాక సర్కారు దాన్ని ఎత్తేసి, గుర్రాల భారం తనే తీసుకుంది. 39 అశ్వదళాలను 21కి కుదించింది. 1921లో 20వ దళం, దాని తోడుదళమైన 29వ లాన్సర్స్ ఒక్కటయ్యాయి. అదే రాయల్ డెక్కన్ హార్స్.

రెండో ప్రపంచ యుద్ధం నాటికి గుర్రాల స్థానంలో ట్యాంకులు వచ్చేశాయి. 1945లో బర్మాలోని మెయిక్‌టీలా పోరులో ఈ దళం షెర్మన్ ట్యాంకులతో పోరాడింది. 1965లో పంజాబ్‌లోని అసల్ ఉత్తర్ దగ్గర పాకిస్థాన్ పాటన్ ట్యాంకులను నిలువరించిన దళాల్లో ఇదీ ఒకటి.

స్వాతంత్య్రం తర్వాత 'రాయల్' పోయింది. గుర్రం అంతకుముందే పోయింది. ఇప్పుడు ట్యాంకులే ఎక్కుతున్నా, మన దక్కన్ పేరూ, ఆ గుర్రం పేరూ మాత్రం ఆ దళాన్ని వదల్లేదు!